జగ్గమ్మకు బాకీ పడ్డ గంటలు

అక్టోబరులో ఆ సోమవారం పొద్దున పైడన్న వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఏడున్నర బస్సులో బరంపురం చేరాలి. చొక్కా లోపల ప్లాస్టిక్ కవర్లో చుట్టి దాచుకున్న నోటుపుస్తకాన్ని హెడ్ క్లర్కు వాసవీకుమారి చేతిలో పెట్టాలి. ఆవిడ లెక్క కట్టి ఓవర్‌టైం క్లెయిము రాస్తే, డబ్బుకు బదులు నాలుగు రోజులు సెలవు అడగాలి. అంతే. ఇందులో ఎవరికీ నష్టం లేదు, అబద్ధమైతే అసలే లేదు. ప్రభుత్వ ఆఫీసును అన్నిటికంటే ఎక్కువ ఇరుకున పెట్టేవి ఇలాంటి కోరికలేనని ఏడేళ్ల సర్వీసులో అతనికి తెలిసి ఉండాల్సింది.

పైడన్న జీపు డ్రైవరు. ఆఫీసు పేరు ఇక్కడ చెప్పడం లేదు, అందులో వాళ్లందరికీ ఇంకా పెన్షను రావలసి ఉంది. అతని ఇల్లు ఆర్యపల్లిలో, సముద్రం ఒడ్డున. తాతా తండ్రీ వల లాగినవాళ్లు. ఆ ఇంట్లో నేల మీద బండి నడిపి జీతం తెచ్చుకుంటున్నవాడు ఇతనొక్కడే. భార్య జగ్గమ్మ చేపలమ్ముతుంది. తెల్లవారుజామున నాలుగింటికి ఒడ్డుకు వెళ్లి, వేలంలో చేప పాడుకుని, గంపతో ఛత్రపురం వీధులన్నీ తిరిగి అమ్ముతుంది. పైడన్న ఆరింటికి లేచేసరికి చాప మీద ఆమె పడుకున్న చోటు చల్లబడి ఉంటుంది. ఆమె మధ్యాహ్నం ఇల్లు చేరి, వండి, కడిగి, ఎనిమిదయ్యేసరికి ఒళ్లు తెలియకుండా నిద్రపోతుంది. అతను ఐదున్నరకు ఆఫీసు వదిలితే ఏడింటికి ఇంట్లో ఉంటాడు. అంటే మొగుడూ పెళ్లాలకు కలిసి దక్కేది రోజుకు ఒక్క గంట.

ఆ గంట మీదే ప్రభుత్వం కన్ను పడింది. ఆఫీసరు పాణిగ్రాహికి ఛత్రపురంలో రివ్యూ మీటింగులు ఉంటాయి. అవి సాయంత్రం ఐదింటికి మొదలై, టీలు రెండు విడతలు తిరిగాక ఏ ఎనిమిదింటికో ముగుస్తాయి. జీపు బయట చెట్టు కింద ఆగి ఉంటుంది, అందులో పైడన్న. అక్కణ్ణుంచి ఆర్యపల్లి ఐదారు కిలోమీటర్లు. గాలి ఇటు మళ్లితే ఎండుచేపల వాసన వచ్చేది. దారిన పోయేవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు, పైడన్నకు మాత్రం ఇల్లు గుర్తొచ్చేది. మీటింగు అయ్యాక ఆఫీసరును బరంపురంలో దింపి, జీపు ఆఫీసులో పెట్టి, ఆఖరి బస్సులో అదే దారిన వెనక్కి వచ్చేవాడు. అప్పటికి జగ్గమ్మ గోడ వైపు తిరిగి నిద్రలో ఉండేది. లేపడానికి మనసొప్పక, మూత పెట్టిన అన్నం తిని పక్కన పడుకునేవాడు.

చెట్టు కింద నుంచి ఫోను మాత్రం చేసేవాడు. మొదట్లో ఆమె కోప్పడింది, తర్వాత అలిగింది, ఆ తర్వాత రాయడం మొదలుపెట్టింది. చేపల లెక్కలు రాసుకునే పుస్తకంలోనే కవళ్లు, వంజరాల కింద ఒక గీత గీసి, ‘మావ, రెండున్నర గంటలు’ అని వేసేది. ఎందుకే అంటే ఆమె చెప్పిన కారణం ఒకటే.

"మీ గవర్మెంటు నాకాడ అప్పు సేస్తంది మావా. రాసి ఎట్టుకోకపోతే రేపు నేదనేస్తాది."

పైడన్న అదనంగా పనిచేశాడనడానికి జిల్లా మొత్తం మీద ఉన్న రుజువు ఆ పుస్తకమే. జీపు లాగ్‌బుక్కు ఉంది గానీ, పాణిగ్రాహి దాన్ని ఏ రోజుకారోజు ఐదున్నరకే ముగించి సంతకం పెట్టేసేవాడు. ఐదున్నర దాటి జీపు తిరిగిందని రాస్తే పైనుంచి అనుమతి చూపించాలి. ఆ తలనొప్పి ఆయనకు గిట్టదు.

ఇక ఆ నాలుగు రోజుల సంగతి. కార్తిక మాసం ఆఖరి ఐదు రోజుల్ని ఒడియా వాళ్లు పంచుక అంటారు. ఏడాది పొడుగునా చేప లేనిదే ముద్ద దిగనివాళ్లు కూడా ఆ ఐదు రోజులూ పప్పుతో సరిపెట్టుకుంటారు. చేపలమ్మే మనిషికి వరసగా ఐదు రోజులు గంప బోర్లించే యోగం ఏడాదిలో అప్పుడొక్కసారే పడుతుంది. సోమవారం, గురువారం కూడా చాలామంది నీసు ముట్టరు, కానీ ఆ రోజుల్లో పైడన్న ఆఫీసులో ఉంటాడు. పైడన్నకు సెలవైన ఆదివారం నాడు ఊరంతా చేప కొంటుంది, జగ్గమ్మకు ఊపిరాడదు. దేవుడూ ప్రభుత్వమూ కూడబలుక్కుని వేసినట్టు ఉండేది ఆ క్యాలెండరు. ఈసారి పంచుక నవంబరులో ఒక సోమవారం మొదలై శుక్రవారం పున్నమితో ముగుస్తుంది. పున్నమి ఎలాగూ సెలవే, కావలసినవి ముందరి నాలుగు రోజులు. అతని మామూలు సెలవులు ఒక్కటి పోగా మిగిలినవన్నీ అత్త దేముడమ్మ కంటి ఆపరేషనుకు ఖర్చయిపోయాయి. పెళ్లయి ఆరేళ్లయినా, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మధ్యాహ్నం అన్నం తిన్న రోజులు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు.

ఆ నాలుగు రోజులూ ఏం చేస్తావని అడిగితే చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు. ఎక్కడికీ వెళ్లాలని లేదు, ఏదీ కొనాలని లేదు. ఆమె ఇంట్లో తిరుగుతుంటే చూస్తూ ఊరికే ఉండాలి. ఆ కోరికతో అతనికి ఈ మధ్య ఆకలి కూడా సరిగా వేయడం లేదు.

వాసవీకుమారిది ఇరవయ్యారేళ్ల సర్వీసు. ఆఫీసులో ఎవరి కష్టమేమిటో ఆవిడకు తెలుసు, ఏ కష్టానికి ఏ ఫారమో కూడా తెలుసు. పుస్తకం తెరవగానే టేబులు మీద రెండు పొలుసులు రాలాయి. హాజరుపట్టీ చూసే గుమాస్తా లోకనాథ్, యాభై దాటిన మనిషి, లేచి వెళ్లి కిటికీ తెరిచాడు. ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, పద్నాలుగు సాయంత్రాల గంటలు కూడింది. ముప్పై నాలుగొచ్చాయి.

"డబ్బులొద్దా?" అంది.

"ఒద్దు మేడమ్. రోజులు కావాల."

ఆవిడ కళ్లజోడు పైనుంచి అతన్ని ఒక్క క్షణం చూసింది. ఎందుకని అడగలేదు. పుస్తకంలో ఉన్న తేదీలు ఉన్నట్టుగా వరసగా దించి, స్టేట్‌మెంటు టైపు చేసి ఆఫీసరు ముందు పెట్టింది. ‘సరిచూసి ధ్రువీకరించడమైనది’ అన్న మాట కింద పాణిగ్రాహి ఫోనులో మాట్లాడుతూ సంతకం పెట్టాడు. కాగితం పై ఆఫీసుకు వెళ్లింది.

సామాన్యంగా పై ఆఫీసు ఒక మంచి మాట చెప్పడానికి నాలుగు నెలలు తీసుకుంటుంది. అభ్యంతరమైతే తొమ్మిది రోజుల్లో వస్తుంది. ఇది తొమ్మిదో రోజునే వచ్చింది. పద్నాలుగు తేదీల్లో మూడు ఆదివారాలు. ఒకటి గాంధీ జయంతి. ఇంకొకటి ఆగస్టులో ఒక గురువారం, ఆ రోజు సదరు డ్రైవరు సెలవులో ఉన్నాడు. మూసి ఉన్న ఆఫీసులో జీపు ఎవరి కోసం నడిచిందో, సెలవులో ఉన్న మనిషి రెండు గంటలు అదనంగా ఎలా పనిచేశాడో పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని దాని సారాంశం.

పైడన్న ఆ తేదీల్ని వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. బయటికొచ్చి జగ్గమ్మకు ఫోను చేశాడు.

"ఏటే, శనివారం మీటింగయితే ఆదివారం కింద రాసినావేటి?"

"పొద్దు గూకినాక వొచ్చినేది రేపటి పేజీలోకే కదా మావా," అంది జగ్గమ్మ, ఇంత తెలియదా అన్నట్టు. "దీపాలెట్టినాక కొన్న సేపని ఇయ్యాల్టి లెక్కలో ఎవులు రాత్తారు? రేపే కదా అమ్మేది."

ఆర్యపల్లిలో అది తప్పు కాదు. ఒడ్డున అందరి పుస్తకాలూ అలాగే నడుస్తాయి. దీపాలు పెట్టాక చేరిన పడవ మర్నాటి పడవ, ఆ చేప మర్నాటి చేప. పైడన్న తండ్రి కూడా జీవితమంతా అలాగే లెక్క చెప్పాడు. జగ్గమ్మ ఆ పద్నాలుగు సాయంత్రాల్నీ ఒక్కటీ తేడా లేకుండా మర్నాటి పేజీల్లో రాసింది. ఏడేళ్లుగా గోడ క్యాలెండరు కింద బతికిన పైడన్నకే తన ఊరి పద్ధతి గుర్తు రాలేదు.

విషయం చెబితే వాసవీకుమారి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వు ఆగాక కళ్లజోడు తుడుచుకుని గంభీరంగా మారిపోయింది. పైడన్న మాత్రం తేలికపడ్డాడు. ప్రతి తేదీనీ ఒక రోజు వెనక్కి జరిపితే సరిపోతుంది కదా అన్నాడు.

"అలా జరపకూడదు పైడన్నా," అంది ఆవిడ. "సరిసూసాను అని సార్ సంతకం పెట్టీసినారు. ఇప్పుడు తేదీలు మారిస్తే సార్ సూడకుండా పెట్టినారని మనవే రాసిచ్చినట్టు. కాయితం మీద పడిపోయిన తేదీ ఇంక కదల్దు."

"మరేటి సేత్తాం మేడమ్?"

"ఆఫీసునే కదుపుదాం."

ఆవిడ ఆఫీసులో వాళ్లందర్నీ పిలిచి వివరించింది. తేదీలు నిజమైతే, ఆ ఆదివారాల్లో ఆఫీసు తెరిచి ఉండాలి. తెరిచి ఉంటే సిబ్బంది వచ్చి ఉండాలి. వస్తే హాజరుపట్టీలో సంతకాలుండాలి. లోకనాథ్ తన వల్ల కాదన్నాడు. ఆ మూడు ఆదివారాల్లో ఒకనాడు అతను చికిటిలో బావమరిది కూతురి పెళ్లిలో ఉన్నాడు, వడ్డన చేస్తూ వీడియోలో కూడా పడ్డాడు. ఆదివారం పనిచేసినవాళ్లకు బదులు సెలవు వస్తుందని వాసవీకుమారి మెల్లగా గుర్తుచేసింది. లోకనాథ్ కాసేపు సీలింగు ఫ్యాను కేసి చూసి, కలం ఎక్కడుందని అడిగాడు. అందరూ సంతకాలు పెట్టేశాక పాణిగ్రాహి భయపడ్డాడు. కానీ సిబ్బంది అంతా హాజరై ఆఫీసరొక్కడే లేకపోవడం ఇంకా భయంగా కనిపించి, ఆయనా పెట్టేశాడు.

అంతమంది ఆదివారాలు వచ్చి ఏం చేశారన్నది తర్వాతి ప్రశ్న. పాత ఫైళ్లు బయటికి తీసి, దుమ్ము దులిపి, సంవత్సరాల వారీగా సర్దారని రాశారు. అందులో జీపు పనేమిటంటే, చికిటిలో శాఖకున్న పాత గోదాము నుంచి ఫైళ్లు మోసుకొచ్చిందన్నారు. ఆ గోదాము తలుపు తీసి పదకొండేళ్లయింది. గాంధీ జయంతి దగ్గర వాసవీకుమారి కలం కాస్త ఆగి, జాతిపిత ఆశయాలకు అనుగుణంగా సిబ్బంది స్వచ్ఛందంగా శ్రమదానం చేశారని ఒక వాక్యం చేర్చింది. ఆ వాక్యం చూసుకుని ఆవిడ ముచ్చటపడింది. అదే కొంప ముంచుతుందని అప్పుడు తెలియదు.

మిగిలింది ఆగస్టు గురువారం. ఆ రోజు సెలవు పెట్టలేదని, డ్యూటీలోనే ఉన్నానని ఒక ముక్క రాసిస్తే చాలని ఆవిడ కాగితం పైడన్న ముందుకు జరిపింది.

పైడన్న కలం పట్టుకున్నాడు గానీ రాయలేదు. ఆ గురువారం అతను జగ్గమ్మను తీసుకుని బరంపురం వచ్చాడు. ఏదో కొందామనుకుని ఏమీ కొనలేదు. బస్టాండు పక్క మెస్సులో ఎదురెదురుగా కూర్చుని భోజనం చేశారు. ఆమె తన ఆకులో అప్పడం తీసి అతని ఆకులో వేసింది. తిరుగు బస్సులో అతని భుజం మీద తల పెట్టుకుని ఛత్రపురం దాకా నిద్రపోయింది. భుజం తిమ్మిరెక్కినా అతను కదల్లేదు. లెక్కపెట్టుకునే ఆ నాలుగైదు రోజుల్లో అదొకటి.

"అదొక్కటి ఇయ్యలేను మేడమ్," అన్నాడు. "మిగతాయన్నీ మీ ఇష్టం. ఆ రోజు నేనాఫీసుకి రానేదు."

రెండు గంటలు పోతాయి, చూసుకో అందావిడ. పోనివ్వమన్నాడు. ముప్పై నాలుగులో రెండు పోతే ముప్పై రెండు. రోజుకు ఎనిమిది చొప్పున సరిగ్గా నాలుగు రోజులు. ఒక్క నిమిషం కూడా మిగలదు, తగ్గదు. వాసవీకుమారి ఆ తేదీ మీద గీత కొట్టి, ఉద్యోగి ఆ గంటల్ని స్వచ్ఛందంగా వదులుకున్నాడని రాసింది. సాయంత్రం పైడన్న ఫోనులో సంగతంతా చెప్పాడు. మంచి పని చేశావని మాత్రం అంది జగ్గమ్మ.

పంచుక ఇంకా పదిహేను రోజులుందనగా జవాబొచ్చింది. వాసవీకుమారి నిలబడే చదవడం మొదలుపెట్టి, సగంలో కూర్చుంది. పై ఆఫీసు మురిసిపోయింది. ఎవరూ అడగకుండానే ఆదివారాలు, జాతీయ సెలవు దినం కూడా పనిచేసి, పాత రికార్డులకు ప్రాణం పోసిన ఆఫీసు రాష్ట్రంలో ఇంకోటి లేదన్నారు. డ్రైవరుకు నాలుగు రోజులు మంజూరు చేశారు. సిబ్బందిని అభినందించారు. ఈ ఆదర్శాన్ని కళ్లారా చూసి మిగతా ఆఫీసులకు చెప్పడానికి ఒక తనిఖీ అధికారిని పంపుతున్నామన్నారు. ఆయన సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉంటారట. సెలవు రోజున ఆఫీసు ఎలా నడుస్తుందో చూడాలని పున్నమిని కావాలనే కలిపారట. ఆ ఐదు రోజులూ ఎవరికీ సెలవు లేదు.

అవే ఐదు రోజులు.

అసలు పని అప్పుడు మొదలైంది. ఉన్నాయని రాసిన ఫైళ్లు ఇప్పుడు ఉండాలి. చికిటి గోదాము తాళం తుప్పు పట్టి ఉంటే పగలగొట్టారు. లోపల చెదలు తినగా మిగిలినవాటిని పైడన్న ఏడు విడతలుగా జీపులో తెచ్చాడు. కాగితం మీద దులిపిన దుమ్మంతా ఇప్పుడు నిజంగా దులపాల్సి వచ్చింది. రెండు ఆదివారాలు, ప్రతి సాయంత్రం, ఆఫీసు ఆఫీసంతా తుమ్ముతూ పనిచేసింది. లోకనాథ్‌కు కళ్లు వాచిపోయాయి. ఆదివారం ఇంతమంది కలిసి పనిచేయడం తన సర్వీసులో చూడలేదని పాణిగ్రాహి పొరపాటున పైకే అనేసి, నాలిక కరుచుకున్నాడు.

పంచుక సంగతి పైడన్న మూడు రోజులు జగ్గమ్మకు చెప్పలేక నీళ్లు నమిలాడు. నాలుగో రోజు చెప్పాడు.

"ఆ గురువారం ఇయ్యనన్నావు," అంది ఆమె. "పంచుక మొత్తం రాసిచ్చీసినావేటి మావా?"

ఆ రోజు నుంచి ఆమె ఎన్నింటికి వస్తావని అడగడం మానేసింది. గంటలు రాయడం కూడా మానేసింది. ఆమె తిడితే బాగుండునని పైడన్న ఎదురుచూశాడు, ఆమె తిట్టలేదు. తనిఖీ రోజుల్లో పొద్దున్నే జీపు సిద్ధంగా ఉండాలి కాబట్టి ఆ ఐదు రాత్రులూ ఆఫీసులోనే పడుకోమని ఉత్తర్వు. దుప్పటి పట్టుకుని ఆదివారం మధ్యాహ్నం ఇల్లు వదులుతుంటే, జగ్గమ్మ ఇంకా అమ్మకం నుంచి రాలేదు. దేముడమ్మ ఒక్కతే గుమ్మంలో కూర్చుని, పంచుకకు ఊళ్లోకి వచ్చేవాళ్లనే చూశాను గానీ పోయేవాణ్ణి నిన్నే చూశానంది.

తనిఖీ అధికారి ఆ సాయంత్రం రైలు దిగాడు. రిటైరుమెంటుకు దగ్గర పడ్డ సన్నటి మనిషి, మెడలో తులసిపూసలు, పరమ నిష్ఠాపరుడు. ఫైళ్ల గురించి ఒక్క మాట అడగలేదు. పంచుకలో రోజూ సూర్యోదయానికి సముద్రస్నానం చేసే నియమం తనకుందని, జనసమ్మర్దం లేని ఒడ్డు కావాలని ఒడియాలో అన్నాడు. పాణిగ్రాహి చేతులు కట్టుకుని గోపాలపురం చూపిస్తానన్నాడు. వెనకాల పెట్టె మోస్తున్న పైడన్న ఆగిపోయాడు. ఏడేళ్లలో అతను ఆఫీసరు మాటకు అడ్డం రావడం అదే మొదలు.

గోపాలపురంలో ఈ ఐదు రోజులూ కాలు పెట్టే చోటుండదని, ఇంకో ఒడ్డుందని, అక్కడ నీళ్లు బాగుంటాయని, పలకరించేవాడు కూడా ఉండడని ఒడియాలోనే గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. నీకెలా తెలుసని పెద్దాయన అడిగితే, పుట్టింది అక్కడేనన్నాడు. పెద్దాయన సరేనన్నాడు. పాణిగ్రాహి మింగలేక కక్కలేక చూశాడు.

మర్నాడు ఐదింటికల్లా జీపు ఆర్యపల్లి ఇసుక అంచున ఆగింది. తన స్నానం, పూజ, పారాయణ పూర్తయ్యేదాకా దరిదాపుల్లో ఎవరూ ఉండకూడదని, ఎనిమిదిన్నరకు రమ్మని చెప్పి పెద్దాయన చెంబూ పంచె పట్టుకుని నీళ్ల వైపు నడిచాడు. అక్కణ్ణుంచి పైడన్న ఇంటికి రెండు వందల అడుగులు. ఆ కాస్త దూరమూ అతను పరిగెత్తాడు.

జగ్గమ్మ గుమ్మంలో లైటు కింద పళ్లు తోముకుంటోంది. ఆరేళ్లలో ఆ వేళప్పుడు అతను ఆమెను వెలుతురులో చూడలేదు. జుట్టు ఊడిపోయి ఉంది, ఒక చెంప మీద చాప అచ్చు పడి ఉంది. మొగుణ్ణి చూసి ఆమె చేతిలో చెంబు కింద పెట్టేసింది.

"ఏటయ్యింది? ఉజ్జోగం పోనాదేటి?"

"నేదు. డూటీలోనే ఉన్నాను."

"ఇక్కడేటి డూటీ?"

"ఎనిమిదిన్నర దాకా ఇదే," అని పైడన్న అరుగు మీద కూర్చున్నాడు.

ఆమెకు విషయం అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక నవ్వలేదు, ఏడవలేదు. లోపలికెళ్లి పొయ్యి రాజేసి, అంత పొద్దున్నే అన్నం వార్చి, వంకాయ వేయించింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. మాట్లాడుకున్నది పెద్దగా లేదు. దేముడమ్మ కంటి చుక్కల గురించి, పై కప్పులో కారుతున్న చోటు గురించి కాస్త అనుకున్నారు. ఆమె గిన్నెలు కడుగుతుంటే అతను చూస్తూ కూర్చున్నాడు. ఏటలా సూస్తావని ఒకసారి విసుక్కుంది, రెండోసారి విసుక్కోలేదు.

రెండో రోజు పెద్దాయన పారాయణ తొమ్మిదింటి దాకా సాగింది. మూడో రోజు పది. ఇంత ప్రశాంతత తన జన్మలో చూడలేదని, ఫైళ్లెక్కడికీ పోవని ఆయనే అన్నాడు. బరంపురంలో లోకనాథ్ వాచిన కళ్లతో బీరువాలు తుడిచి తుడిచి మెరిపించి, రోజూ మధ్యాహ్నం దాకా ఎదురుచూస్తూ కునికిపాట్లు పడ్డాడు. పున్నమి నాడు పెద్దాయన అరటిదొప్ప పడవ మీద దీపం పెట్టి నీళ్లలో వదిలి, పదకొండున్నరకు ఆఫీసుకు వచ్చి, రెండు బీరువాలు తెరిచి చూసి, ఒకసారి తుమ్మి, సంతృప్తి వ్యక్తం చేసి రైలెక్కాడు.

ఆ పొద్దున పైడన్న లేవబోతుంటే జగ్గమ్మ చొక్కా పట్టుకుని ఆపింది. రేపటి నుంచి మళ్లీ గంప ఎత్తాలని ఇద్దరికీ తెలుసు, ఎవరూ అనలేదు. ఇంకాసేపు కూర్చోమంది. అతను కూర్చున్నాడు. ఆ కాసేపు ఎంతసేపో ఇద్దరిలో ఎవరూ చూసుకోలేదు.

సోమవారం వాసవీకుమారి లాగ్‌బుక్కు ముందు పెట్టుకుని అతన్ని పిలిచింది. తనిఖీ అధికారి లెక్కల్లో కచ్చితమైన మనిషి. తన ప్రయాణాలన్నీ తన చేత్తోనే, తెల్లవారుజామున నాలుగున్నర నుంచి, నిమిషాలతో సహా రాసి సంతకాలు చేశాడు. ఆ పుస్తకంలో నిజం సమయాలు పడడం అదే మొదటిసారి. ఆఫీసు వేళకు ముందరి గంటలన్నీ కూడితే, పున్నమి సెలవు పూటతో కలిపి, ఇరవై ఏడొచ్చాయి. క్లెయిము మీద సంతకం పెట్టమంది.

పైడన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఆ గంటలు నేను ఇంటికాడ మా ఆడదాని పక్కన కూకున్నాను మేడమ్. అయ్యి గవర్మెంటుకి సెందవు."

"నీకూ నాకూ తెలుసు," అంది వాసవీకుమారి. "కాయితానికి తెల్దు కదా. డ్యూటీలో ఉన్నావని ఆయన సంతకం పెట్టి పోయినారు. నువ్వు కాదంటే అంత పెద్దాయన ఐదు రోజులూ అబద్ధం రాసినట్టు." తర్వాత గొంతు తగ్గించి, మంజూరైన నాలుగు రోజులూ ఇంకా అలాగే ఉన్నాయని, జనవరిలోగా ఏ గురువారాలకో వేసుకొమ్మని, ముందు ఇక్కడ పెట్టమని కలం చేతికిచ్చింది.

ఆగస్టు గురువారాన్ని కాపాడుకున్నవాడు ఈ ఐదు పొద్దుల్నీ కాపాడుకోలేకపోయాడు. సంతకం పెట్టి బయటికొచ్చి చాలాసేపు జీపు తుడిచాడు. క్లెయిము పై ఆఫీసుకు వెళ్లి, ఒక్క అభ్యంతరం లేకుండా వారంలో తిరిగొచ్చింది.

భార్య పక్కన కూర్చున్నందుకు ప్రభుత్వం ఓవర్‌టైం మంజూరు చేసిన ఉద్యోగి గంజాం జిల్లాలో ఇప్పటివరకు అతనొక్కడే.